మరియా మాంటిస్సోరి

మరియా మాంటిస్సోరి (ఆగష్టు 31, 1870 - మే 6, 1952) ఇటలీ దేశమునకు చెందిన వైద్యురాలు, విద్యావేత్త. మాంటిస్సోరి విద్యావిధానమునకు ఈమె ఆద్యురాలు. పసిపిల్లలు మాటలను ఒకరు నేర్పితే నేర్చుకొనరనీ, తమ చుట్టూ వినిపించే భాషను తామే గ్రహించి సొంతము చేసుకొంటారనీ, అందుకు తగిన పరిసరములను కల్పించడమే పెద్దల పని అనీ ఈమె బోధించింది. ఈ భావనను వివరముగా చెప్పిన గ్రంథము ఈమె భారతదేశములో ఇచ్చిన ఉపన్యాసముల నుండి రూపొంది, 1949లో మద్రాసులో (నేటి చెన్నై) వెలువడినది.

బాల్యము, విద్యాభ్యాసము

మరియా 1870 ఆగష్టు 31న ఇటలీలో అంకోనా నగరమునకు సమీపమున గల కియారవల్లె అను ఊరిలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో మాంటిస్సోరి ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగి. తల్లి రెనిల్డె స్టొప్పాని ఆ కాలపు స్త్రీలలో అరుదుగా కనిపించే పఠనాసక్తి గలది. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబము మొదట ఫ్లోరెన్సుకు, 1875లో రోము నగరమునకు తరలివెళ్ళింది.

ఆడపిల్లలు ఉపాధ్యాయ వృత్తికి మించి ఆలోచించని ఆ రోజులలో మరియా 13వ ఏట సాంకేతిక పాఠశాలలో చేరింది. తరువాత వైద్యవిద్య వైపు మొగ్గింది. తండ్రికి ఇది ఇష్టము లేకపోయినా తల్లి అండగా నిలిచింది. రోము విశ్వవిద్యాలయములో ముందు ప్రకృతి శాస్త్రములు చదివి, ఆపై వైద్యశాస్త్రములో ప్రవేశము పొందింది. 1896లో పట్టభద్రురాలయింది. ఇటలీలో వైద్యపట్టము పొందిన తొలితరము స్త్రీలలో ఈమె ఒకరు. అదే సంవత్సరము బెర్లినులో జరిగిన అంతర్జాతీయ మహిళా సభకు ఇటలీ ప్రతినిధిగా వెళ్ళి, స్త్రీలకు సమాన వేతనము కోరుతూ ప్రసంగించింది.

మాట రాని పిల్లల మధ్య

పట్టా పొందిన తరువాత మరియా రోము విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయములో పనిచేసింది. ఆ పనిమీద పిచ్చాసుపత్రులకు వెళ్ళినపుడు, బుద్ధిమాంద్యము గల పిల్లలను పెద్ద రోగులతో కలిపి ఖాళీ గదులలో ఉంచుట ఈమె కంట పడింది. వారి చేతికి ఒక ఆటవస్తువు లేదు, వారితో మాట్లాడేవారు లేరు. భోజనము ముగియగానే ఆ పిల్లలు నేలమీది రొట్టె తుంపుల కోసము పాకులాడేవారనీ, అక్కడి ఆయా దానిని తిండియావగా భావిస్తే, మరియా అది చేతులకు పని దొరకని ఆకలి అని గ్రహించినదనీ జీవితచరిత్రకారులు చెబుతారు.

ఈ పిల్లలకు కావలసినది మందులకన్నా విద్య అనే నమ్మకముతో ఈమె ఇద్దరు ఫ్రెంచి వైద్యుల గ్రంథములను అధ్యయనము చేసింది. వారిలో మొదటివాడు ఇటార్డ్. అతడు పారిసులోని బధిరుల విద్యాసంస్థలో వైద్యుడు. అవేరాన్ ప్రాంతపు అడవులలో ఒంటరిగా పెరిగి, 1800లో జనావాసములోనికి వచ్చిన విక్టర్ అను బాలునికి మాటలు నేర్పుటకు ఇటార్డ్ ఐదేళ్ళు శ్రమించాడు. విక్టర్ కొన్ని వ్రాతపదములను గుర్తించగలిగాడు కాని మాట్లాడలేకపోయాడు. రెండవవాడు ఇటార్డ్ శిష్యుడైన సెగ్విన్. అతడు బుద్ధిమాంద్యము గల పిల్లల కోసము చేతితో తాకి, పోల్చి, అమర్చి నేర్చుకొనదగిన పరికరములను తయారుచేశాడు. మరియా ఈ ఇద్దరి రచనలను ఇటాలియను భాషలోనికి తన చేతితో వ్రాసుకొని మరీ చదివింది.

1900లో రోములో ఇట్టి పిల్లల ఉపాధ్యాయుల శిక్షణ కొరకు ఏర్పడిన సంస్థకు ఈమె సహ సంచాలకురాలయింది. ఉదయము నుండి సాయంత్రము వరకు పిల్లలతోనే గడిపి, పరికరములను సవరించుతూ, వారి ప్రతి కదలికనూ గమనించింది. చదువు రాదని వదిలివేసిన పిల్లలలో కొందరు చదవను, వ్రాయను నేర్చి సాధారణ విద్యార్థుల పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. చూచినవారు ఆశ్చర్యపడి ప్రశంసించారు. మరియాను మాత్రము వేరొక ప్రశ్న పట్టుకొన్నది. లోపము గల పిల్లలు సాధారణ పిల్లలతో సమానము కాగలిగితే, ఆ సాధారణ పిల్లలను పాఠశాలలు ఎంత వెనుక ఉంచుతున్నట్లు?

కుమారుడు మారియో

1898 మార్చి 31న మరియాకు మారియో అను కుమారుడు కలిగాడు. తండ్రి ఈమె సహోద్యోగి అయిన వైద్యుడు జ్యుసెప్పె మాంటెసానో. వారికి వివాహము కాలేదు. అవివాహిత తల్లి అని తెలిస్తే ఆనాటి సమాజములో ఈమె వృత్తిజీవితము అంతటితో ముగిసేది. అందుచేత బిడ్డను రోముకు వెలుపల ఒక పల్లె కుటుంబములో పెంపకమునకు ఇచ్చారు. 1901లో మాంటెసానో వేరొకరిని వివాహమాడాడు. మరియా ఆ సంస్థను విడిచిపెట్టి, తత్త్వశాస్త్రము, మానవశాస్త్రము చదువుటకు మరల విశ్వవిద్యాలయములో చేరింది.

పిల్లల తొలి సంవత్సరముల విలువను లోకమునకు చాటిన ఈమె తన బిడ్డ తొలిపలుకులు విననోచుకోలేదు. తల్లి రెనిల్డె 1912లో మరణించిన తరువాతనే మారియోను తన వద్దకు తెచ్చుకొన్నది. అప్పటికి అతనికి సుమారు పదిహేనేళ్ళు. ఆపై చాలా కాలము అతనిని మేనల్లునిగానో, దత్తపుత్రునిగానో పరిచయము చేసేది.

బాలల గృహము

రోములోని సాన్ లొరెంజో పేదల వాడ. ఒక గృహనిర్మాణ సంస్థ అక్కడి భవనములను బాగుచేయించి కూలి కుటుంబములకు అద్దెకు ఇచ్చింది. తల్లిదండ్రులు పనికి పోగా, బడి ఈడు రాని పిల్లలు మెట్లమీద తిరుగుతూ గోడలను పాడుచేసేవారు. వారిని ఒకచోట చేర్చి చూచుకొనే బాధ్యతను సంస్థవారు మరియాకు అప్పగించారు. 1907 జనవరి 6న మార్సి వీథిలో 58వ నంబరు ఇంట "కాసా దె బంబీని", అనగా బాలల గృహము, ప్రారంభమయినది. మూడు నుండి ఆరేళ్ళ ఈడు గల సుమారు 50 మంది పిల్లలు అందులో చేరారు. వారిలో చాలామంది బిడియస్థులు, పెదవి విప్పనివారు.

మరియా అక్కడ ఉపాధ్యాయుని వేదిక గాని, పిల్లలను కదలనీయని బల్లలు గాని ఉంచలేదు. పిల్లలు తామే మోసుకొనగల చిన్న కుర్చీలు, చేతికి అందే అరలు, తాను సవరించిన పరికరములు ఏర్పాటు చేసింది. పిల్లలు ఆటబొమ్మలకన్నా ఈ పరికరములనే ఇష్టపడుట, ఒకే పనిని పదేపదే చేయుట, బహుమతులను పట్టించుకొనకపోవుట ఈమె గమనించింది. తన పద్ధతిని ముందుగా ఆలోచించి పెట్టలేదనీ, పిల్లలను గమనించి తెలుసుకొన్నాననీ ఈమె తరువాత పలుమార్లు చెప్పింది.

గరుకు అక్షరములు

ఇంత చిన్న పిల్లలకు చదువు, వ్రాత నేర్పవలెనని మరియా మొదట అనుకోలేదు. చదువురాని తల్లులే వచ్చి అడిగారు. చెక్క అక్షరములు చేయించుటకు డబ్బు చాలక, గరుకు కాగితముతో అక్షరములను కత్తిరించి నున్నని అట్టలపై అంటించింది. పిల్లవాడు ఆ అక్షరముపై వ్రాసే దిశలోనే వేళ్ళు కదుపుతూ దాని ధ్వనిని పలుకుతాడు. కన్ను, చెవి, చేయి ఒకేసారి పనిచేస్తాయి. తరువాత విడి అక్షరములను చాపపై పేర్చి, తాను పలికే మాటలను తానే కూర్చుకొంటాడు. కలము పట్టే నేర్పు వేరొక పరికరముతో, గీతలు నింపే ఆటగా అలవడుతుంది.

ఈ మూడు పాయలూ 1907 డిసెంబరులో ఒకరోజు ఒకటిగా కలిసాయి. శీతకాలపు ఎండలో మేడపైన పిల్లలతో ఉన్నపుడు, మరియా ఒక ఐదేళ్ళ బాలునికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టము బొమ్మ గీయమన్నది. బొమ్మ బాగున్నదని మెచ్చుకొనగానే, ఆ బాలుడు ఒక్కక్షణము ఆగి, తనకు వ్రాయడము వచ్చునని కేరింతలు కొట్టుతూ నేలమీద చేయి అను మాట వ్రాశాడు. వెంటనే పొగగొట్టము, పైకప్పు అను మాటలు వ్రాశాడు. ఎవరూ అతనిచేత ఒక మాటనైనా వ్రాయించి ఉండలేదు. కొద్దిరోజులలో మిగిలినవారూ అందుకొన్నారు. ఇళ్ళలో నేలమీద, చివరకు రొట్టెలపైన కూడ వ్రాతలు కనిపించడముతో తల్లులు పిల్లలకు కాగితము, పెన్సిలు కొని ఇచ్చారు. ఇతరులు వ్రాసినది చదువుట ఆ తరువాత వచ్చినది. తన లోపలి మాటను బయట పెట్టుట ముందు, ఇతరుల మాటను గ్రహించుట తరువాత అను క్రమమును ఈమె ఇక్కడే తెలుసుకొన్నది.

ఇటాలియను భాషలో అక్షరము, ఉచ్చారణ చాలవరకు ఒకటే కావడము ఈ ఫలితమునకు తోడ్పడినది. తెలుగులోనూ వ్రాతకు, ఉచ్చారణకు దగ్గర సంబంధము ఉన్నది. కాని గుణింతపు గుర్తులు, ఒత్తులు ఉండుటచేత అక్షరములను పరిచయము చేసే తీరును అందుకు తగినట్లు మార్చుకొనవలసి ఉంటుంది.

పేరు చెప్పుట, మౌనము వహించుట

కొత్త మాటలను పరిచయము చేయుటకు మరియా సెగ్విన్ నుండి మూడు అంచెల పాఠమును స్వీకరించింది. మొదటి అంచెలో వస్తువును చూపి దాని పేరు మాత్రమే స్పష్టముగా చెప్పాలి. రెండవ అంచెలో ఆ పేరు గల వస్తువును తెమ్మని, చూపుమని అడగాలి. మూడవ అంచెలో వస్తువును చూపి పేరు చెప్పుమనాలి. పిల్లవాడు పొరపడితే దిద్దరాదు. పాఠమును అంతటితో ఆపి మరొకరోజు చెప్పాలి. అర్థము కావడమునకు, నోట పలకడమునకు మధ్యనున్న దూరమును ఈ పద్ధతి గౌరవిస్తుంది.

మరొకటి మౌనపు ఆట. ఒకనాడు ఈమె నాలుగు నెలల పసిబిడ్డను తరగతిలోనికి ఎత్తుకొని వచ్చి, ఆ బిడ్డవలె నిశ్శబ్దముగా ఉండగలరేమో చూడమని పిల్లలను అడిగింది. గది అంతా సద్దుమణిగింది. తరువాత పక్కగది నుండి ఒక్కొక్కరి పేరును అతి మెల్లగా పిలిచింది. పిలిచినవారు చప్పుడు కాకుండా లేచి వచ్చారు. వినడము తెలిసినవారికే మాట విలువ తెలుస్తుందని ఈమె భావము.

వ్యాప్తి, విమర్శలు

1909లో మరియా తన మొదటి శిక్షణ తరగతులను నడిపి, తన పద్ధతిని వివరించే గ్రంథమును ప్రచురించింది. 1912లో దాని ఆంగ్లానువాదము అమెరికాలో వెలువడినది. 1913లో ఆ దేశము వెళ్ళినపుడు ఈమెకు ఘనస్వాగతము లభించింది. టెలిఫోను సృష్టికర్త, బధిరుల ఉపాధ్యాయుడు అయిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆయన భార్య మేబెల్ ఈ విధానమునకు అండగా నిలిచారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల మధ్య నడిచిన మాంటిస్సోరి తరగతిని ఎందరో చూచారు.

విమర్శలూ వచ్చాయి. 1914లో కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం కిల్పాట్రిక్, ఈ పద్ధతిలో ఊహకు, పిల్లల మధ్య సంభాషణకు చోటు తక్కువని, పరికరములు ఇరుకైనవని ఒక పుస్తకము వ్రాశాడు. దానితో అమెరికాలో ఈ ఉద్యమము చాలకాలము వెనుకబడినది.

1924 నుండి ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వము ఈ పాఠశాలలను ప్రోత్సహించింది. ఆ సహాయమును మరియా స్వీకరించుట నేటికీ విమర్శకు గురి అవుతున్నది. పిల్లలను తమ కవాతులకు తయారుచేయదలచిన ప్రభుత్వమునకు, స్వయముగా ఆలోచించే పిల్లలను కోరిన ఈమెకు పొసగలేదు. 1934లో తెగతెంపులు జరిగి ఇటలీలో ఈమె పాఠశాలలు మూతపడినవి. జర్మనీలో నాజీలు కూడ వీటిని మూసివేశారు. అప్పటికి బార్సిలోనాలో నివసిస్తున్న ఈమె 1936లో స్పెయిను అంతర్యుద్ధము మొదలుకాగా ఆ నగరమునూ విడిచి, చివరకు నెదర్లాండ్సు చేరింది.

భారతదేశములో

ఈ దేశముతో మరియా పరిచయము అంతకు ముందే మొదలయినది. 1931లో లండనులోని మాంటిస్సోరి శిక్షణ కళాశాలలో గాంధీజీ ప్రసంగించాడు. 1939లో దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షుడు జార్జి అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి ఆహ్వానముపై మరియా, మారియోలు మద్రాసులోని అడయారు వచ్చారు. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలకు కూడ ఆనాడు మద్రాసే రాజధాని. తాటాకు పందిళ్ళలో జరిగిన తొలి శిక్షణకు దేశము నలుమూలల నుండి సుమారు 300 మంది హాజరయ్యారు. మరియా ఇటాలియనులో ప్రసంగించేది. మారియో దానిని ఆంగ్లములో చెప్పేవాడు. భాష గురించి ఇంత ఆలోచించిన ఈమె, ఆ ఆలోచనను శ్రోతలకు అందించుటకు కుమారుని గొంతుపై ఆధారపడినది.

1940 జూనులో ఇటలీ యుద్ధములో ప్రవేశించగానే వీరు శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహమ్మద్‌నగరు నిర్బంధ శిబిరమునకు పంపారు. మరియాను అడయారు ఆవరణలోనే ఉంచారు. ఆగష్టు 31న, ఈమె 70వ జన్మదినమున, వైస్రాయి మారియోను విడుదల చేశాడు. ఆ వర్తమానములో అతనిని ఈమె కుమారుడనే పేర్కొన్నారు. దశాబ్దములుగా పైకి చెప్పుకొనలేని బంధుత్వమునకు ఆ విధముగా గుర్తింపు దొరికినది.

యుద్ధకాలములో వీరు కొడైకెనాలులో కొంతకాలము నివసించి అక్కడ ఒక చిన్న పాఠశాల నడిపారు. తరువాత అహమ్మదాబాదు మొదలగు నగరములలోను, సింహళములోను శిక్షణ ఇచ్చారు. 1946లో ఐరోపాకు వెళ్ళి, 1947లో తిరిగి వచ్చి మరికొంతకాలము పనిచేశారు. వేయిమందికి పైగా భారతీయ ఉపాధ్యాయులు వీరివద్ద శిక్షణ పొందారు.

భాషను పీల్చుకొనే మనస్సు

అహమ్మదాబాదు ఉపన్యాసముల నుండి వెలువడిన గ్రంథములో మరియా, పుట్టినది మొదలు ఆరేళ్ళ వరకు పిల్లల మనస్సు పెద్దల మనస్సువలె పనిచేయదని చెప్పింది. పెద్దవాడు ప్రయత్నముతో నేర్చి జ్ఞాపకము పెట్టుకొంటాడు. పసివాడు చుట్టూ ఉన్నదానిని తనలో కలుపుకొని, దానితోనే తన మనస్సును నిర్మించుకొంటాడు. మొదటి మూడేళ్ళు ఇది తెలియకుండా జరుగుతుంది. తరువాతి మూడేళ్ళలో చేతిపని ద్వారా తెలిసి జరుగుతుంది. దీనికి మాతృభాషయే గొప్ప సాక్ష్యము. తెలుగు ఇంటి పిల్లవాడు వ్యాకరణము వినకుండానే అమ్మ వచ్చింది, నాన్న వచ్చాడు అని తేడా పాటిస్తాడు. పరాయి భాషవారు పెద్దయిన తరువాత ఎంత శ్రమించినా సరిగా పలకలేని ళకార, ణకారములు వానికి అలవోకగా పట్టుబడతాయి.

బిడ్డ ఎంతకాలమో మౌనముగా విని, ఒక్కసారిగా మాటలు కురిపిస్తాడు. రెండేళ్ళు నిండే సమయమున మాటలు వెల్లువెత్తి, పిమ్మట వాక్యములు కుదురుకొంటాయి. బిడ్డను వీపున, చంకన వేసుకొని సంతకు, పనికి వెళ్ళే తల్లులను ఈమె మెచ్చుకొన్నది. ఆ బిడ్డ బజారు బేరములను, పలకరింపులను, తగవులను, అంటే జీవముతో ఉన్న భాషను వింటాడు.

మాట రాకముందే బిడ్డకు చెప్పదలచినది ఉంటుందనుటకు ఈమె ఒక సంఘటన వ్రాసింది. ఏడాదిన్నర బిడ్డ ఒకటి ఆగకుండా ఏడుస్తున్నది. తల్లి ఎండకు కోటు విప్పి చేతిపై వేసుకొన్నది. బిడ్డ పలికే అరకొర మాటలలో కోటు, భుజము అను పదములు ఉన్నట్లు మరియా పసిగట్టి, కోటును తొడుగుకొనమన్నది. వెంటనే ఏడుపు ఆగింది. కోటు ఉండవలసిన చోట లేదన్నదే ఆ బిడ్డ బాధ. మొండితనముగా కనిపించేది చాలసార్లు అర్థము కాని మాటయేనని ఈమె తేల్చింది.

తరువాతి పరిశోధనలు

మరియా గమనించిన విషయములలో కొన్నింటిని తరువాతి పరిశోధనలు బలపరచినవి. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన పరిశోధన ప్రకారము, ఆంగ్లము వింటూ పెరిగే ఆరేడు నెలల శిశువులు హిందీలోని త, ట ధ్వనుల తేడాను గుర్తించగలరు. ఏడాది నిండే లోపల ఆ శక్తి చాలవరకు తగ్గుతుంది. 2003లో ప్యాట్రీషియా కూల్ బృందము, తొమ్మిది నెలల అమెరికా శిశువులు ఎదుట కూర్చున్న మనిషి నుండి చైనా భాషాధ్వనులను గ్రహించారనీ, అవే మాటలను తెరపై చూచినవారు గ్రహించలేదనీ చూపింది. 2006లో ఏంజెలిన్ లిల్లార్డ్, నికోల్ ఎల్స్-క్వెస్ట్ అమెరికాలోని మిల్వాకీ నగరములో లాటరీ ద్వారా మాంటిస్సోరి పాఠశాలలో చోటు దొరికిన పిల్లలను, దొరకనివారిని పోల్చారు. ఐదేళ్ళ ఈడులో పదములను గుర్తించుట, లెక్కలలో మొదటివారు ముందున్నారు.

అన్నీ నిలవలేదు. నత్తి వంటి లోపములకు బాల్యములో ఎదురయ్యే అడ్డంకులు కారణమని మరియా భావించింది. నత్తిలో వంశపారంపర్యము, మెదడు పనితీరు ముఖ్యపాత్ర వహిస్తాయని నేటి వైద్యశాస్త్రము చెబుతున్నది.

చివరి సంవత్సరములు, ప్రభావము

1949, 1950, 1951లలో మరియా పేరు నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించబడినది. 1952 మే 6న నెదర్లాండ్సులోని నూర్డ్‌వైక్ అను సముద్రతీర గ్రామములో మరణించింది. అక్కడనే ఖననము చేశారు. 1929లో వీరిద్దరు స్థాపించిన అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘమును మారియో 1982లో తాను మరణించేవరకు నడిపించాడు. 1990లో ఇటలీ తన వేయి లీరాల నోటుపై ఈమె చిత్రమును ముద్రించినది.

తెలుగునాట మాంటిస్సోరి పేరు ఊరూరా పాఠశాలల బోర్డులపై కనిపిస్తుంది. విజయవాడలో ఈ పేరుతో విద్యాసంస్థలను నెలకొల్పిన వి. కోటేశ్వరమ్మకు 2017లో పద్మశ్రీ పురస్కారము లభించినది. అయితే ఈ పేరుపై ఎవరికీ ప్రత్యేక హక్కు లేకపోవుటచేత, పద్ధతిని పాటించని పాఠశాలలు కూడ దీనిని వాడుకొంటున్నాయి. బోర్డు చూచికాక తరగతిగది చూచియే పాఠశాలను గుర్తించవలసి ఉంటుంది. అక్కడ పిల్లలు తమ ఇష్టమైన పనిని తామే ఎంచుకొంటారు. వస్తువులను తాకి పేర్లు తెలుసుకొంటారు. తప్పు పలికినా వెక్కిరింపు ఉండదు. ఉపాధ్యాయురాలు తక్కువ మాట్లాడి ఎక్కువ వింటుంది.